పేడనీళ్ళకూ ఒక చట్టం

వాదించడమే బతుకుతెరువుగా ఇచ్చి, తనతో మాత్రం వాదన పెట్టుకోనివ్వని దేవునికి ముందుగా స్తోత్రం. నల్లకోటు వేసుకున్నవాణ్ణి కూడా తన మందిరపు గడప దాటనిచ్చిన ప్రభువుకు స్తోత్రం. కొండ మీది వాళ్ళకూ కిందివాళ్ళకూ ఒకే ఎండా ఒకే వానా ఇచ్చి, నవ్వు మాత్రం కొండవాళ్ళకు కాస్త ఎక్కువ కొలిచి పోసినందుకు ఆయనకే మహిమ.

లా పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. కొత్తగా ఆ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అనుభవాలు చెప్పమంటారు. నేనెప్పుడు రీడరునయ్యానో, ఎప్పుడు ప్రొఫెసరునయ్యానో వాళ్ళకు అనవసరం. నాకూ అనవసరమే. వాళ్ళకు పనికొచ్చేది ఒక్క కేసు. అరవైల్లో అనకాపల్లి కోర్టులో నడిచింది. అందులో ఒక ఫారెస్టు గార్డు, ఒక పసిబిడ్డ తల్లి, ఒక అడవిపంది, ఒక కుండెడు పేడనీళ్ళు ఉన్నాయి. కొండవాళ్ళ కథల గురించి, బొమ్మల గురించి, చట్టం గురించి తరువాత నేను చెప్పిన పాఠాలన్నీ ఆ కుండలోంచి వచ్చినవే.

ఆమెన్‌తో ముగిసిన వాదన

అప్పట్లో పగలు అనకాపల్లిలో జూనియరు ప్లీడరుని. సాయంత్రం పాసింజరు బండెక్కి వెళ్ళి విశాఖపట్నం లా కాలేజీలో పార్ట్ టైం లెక్చరర్ని. ఆదివారం మా సంఘంలో సండే స్కూలు టీచర్ని. మూడు చోట్లా చేసే పని ఒకటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు నిద్రపోకుండా చూడటం. మూడింటిలో కష్టమైనది సండే స్కూలే. జడ్జి నిద్రపోయినా తీర్పు వస్తుంది, విద్యార్థి నిద్రపోయినా డిగ్రీ వస్తుంది. పిల్లలు నిద్రపోతే మాత్రం తల్లులు ఊరుకోరు.

మా సీనియరు సోమయాజులు గారు. పొద్దున్నే సంధ్యవార్చి, వెంటనే చుట్ట ముట్టించి, ఆ పొగలోనే కక్షిదారుల్ని చూసేవారు. నేను పాస్టరు కొడుకునని తెలిసే చేర్చుకున్నారు. "మీవాళ్ళకి చిన్నప్పట్నించీ పదిమందిలో నిలబడి మాట్లాడటం అలవాటు. నాకు కావలసింది గొంతు. లా నేను నేర్పుతాను," అన్నారు.

గొంతు బాగానే పనిచేసింది. మునగపాక చెరకు తోటల మధ్య ఒక కాలవ తగాదాలో మొట్టమొదటిసారి నన్ను ఒంటరిగా వాదించమన్నారు. లేచాను. మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో గొంతు పెంచి, చివరికి దించి, నాకే కళ్ళు చెమ్మగిల్లేలా వాదించాను. ముగింపులో అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని "ఆమెన్" అన్నాను. జడ్జిగా కూర్చున్న మునసబు గారు నిలువునామాల మనిషి. ఆయన కళ్ళజోడు సవరించుకుని "తథాస్తు" అని, పిటిషను కొట్టేశారు.

మెట్ల మీద సోమయాజులు గారు నన్ను తిట్టలేదు. "మీ దేవుణ్ణీ రప్పించావు, మా దేవుణ్ణీ రప్పించావు. సాక్షిని మాత్రం రప్పించలేదురా అబ్బాయ్," అన్నారు. పాఠం చెప్పబోయే వాళ్ళు ఇది గుర్తుంచుకోండి. గొంతు విన్నవాళ్ళు బాగా చెప్పాడంటారు, తీర్పు మాత్రం అవతలివాడికి ఇస్తారు.

దారికి అడ్డంగా వెదురు గడ

ఏటా వేసవిలో మా సంఘం నుంచి కొందరం మాకవరపాలెం దాటి కొండ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. బొమ్మల చుట్ట ఒకటి చంకన పెట్టుకుని, చెట్టుకో గోడకో వేలాడదీసి వాక్యంలోని, అంటే బైబిల్లోని, కథలు చెప్పేవాళ్ళం. ఆ ఏడు మేం వెళ్ళేసరికి వాళ్ళకు వేట పండగ. మగవాళ్ళంతా అడవికి పోతారు. దారులన్నీ ఆడవాళ్ళ చేతిలో ఉంటాయి. బాటకు అడ్డంగా వెదురుగడ పట్టుకుని, ఏదో ఒకటి ఇస్తే తప్ప ఎవర్నీ పోనివ్వరు.

గడకు అవతల బంగారమ్మ నిలబడి ఉంది. ఆ ఊళ్ళో పెద్దరికం ఆమెది. ఏం తెచ్చావని అడిగింది. కథ తెచ్చానన్నాను.

"అయితే సెప్పు బాబూ. బాగుంటే గడ తీత్తాం. బాగోపోతే ఎనక్కెల్లిపో."

నా జన్మలో నేను రాసిన పరీక్షలన్నిటిలోకీ ఇంత స్పష్టమైనది లేదు. అక్కడే నిలబడి, పక్కవాడి ద్రాక్షతోట మీద ఆశపడ్డ రాజు కథ చెప్పాను. తోటవాడు ఇవ్వనంటాడు. రాణి దొంగసాక్షుల్ని పెట్టి, ఊరి పెద్దల చేత అతన్ని రాళ్ళతో కొట్టించి చంపిస్తుంది. ఈ కథ మీద అత్యాశ గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఈ ఆడవాళ్ళు అత్యాశను పట్టించుకోలేదు. దొంగసాక్షులు చెప్పాక తోటవాణ్ణి ఎదురుగా నిలబెట్టి "నువ్వేటంటావు" అని అడిగారా లేదా అన్నారు. కథలో ఆ మాట లేదన్నాను. అయితే అది పంచాయితీ కాదు పొమ్మన్నారు. ఇంతలో ఒకావిడ లేచి, రాజు ఇంతకంటే మంచి తోట బదులిస్తానన్నాడు కదా, ఆ మూర్ఖుడు తీసుకోవచ్చుగా అని రాజు పక్షం వహించింది. దానిమీద వాళ్ళలో వాళ్ళకు పెద్ద వాగ్వాదం. మా కాలేజీలో సెమినారు పెట్టి, టీ ఇస్తామని చెప్పినా ఇంత చర్చ జరిగేది కాదు. గడ ఎప్పుడు తీశారో నాకు తెలియలేదు.

మర్నాడు బంగారమ్మ ఇంటి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఆ కథంతా బొమ్మలుగా వేసి ఉంది. రాజు, తోట, రాళ్ళు, ఆ పక్కన గొడుగు పట్టుకుని కథ చెబుతున్న నేను. నాకు కుండంత పొట్ట. అప్పట్లో నేను వాళ్ళ వెదురుగడ అంత సన్నం. పాస్టరు ఎలా ఉంటాడని వాళ్ళకొక అంచనా ఉంది కాబోలు.

ఊరంతా పోగై నన్ను గోడ ముందు నిలబెట్టారు. "ఇది నువ్వేనా?" అని బంగారమ్మ అడిగింది. పొట్ట నాది కాదన్నాను. అందరూ నవ్వారు. ఆమె తడిగుడ్డతో పొట్ట తుడిచి మళ్ళీ గీసింది. అప్పుడు చెప్పింది వాళ్ళ కట్టుబాటు. గోడ మీద ఎవర్ని గీస్తే వాళ్ళు పదిమంది ముందూ నిలబడి అవునో కాదో చెప్పాలి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవాలి. నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే. ఆ తరువాత ఆ కథను మరొకలా చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. మేం దావా అని, జవాబుదావా అని ఏళ్ళకేళ్ళు లాగేది వాళ్ళు గుడ్డముక్కతో ఒక్క పూటలో ముగిస్తున్నారు.

ఆ సాయంత్రం మగవాళ్ళు తిరిగొచ్చారు. వేట పడినవాళ్ళకు కాళ్ళు కడిగి పూలదండ వేశారు. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళ నెత్తిన ఆడవాళ్ళు పేడనీళ్ళు పోశారు. ఎవరికీ కోపం రాకూడదు, మగవాళ్ళకు పెద్ద అయిన ఊరి నాయుడికైనా. వేటకు వెళ్ళనివాడి మీద మాత్రం చుక్క పడకూడదు. నేను బంగారమ్మ వెనకే నిలబడి చూశాను. అక్కడైతే క్షేమమని.

సుకురమ్మ మీద కేసు

మరుసటి ఏడు పండగ అయిన కొన్నాళ్ళకు బంగారమ్మ కోడలు సుకురమ్మ మీద కోర్టులో కేసు పడింది. ఫిర్యాదు చేసినవాడు ఫారెస్టు గార్డు అప్పలకొండ. రిజర్వు అడవిలో వేట ఆపడానికి డ్యూటీ మీద తిరిగి వస్తుంటే సుకురమ్మ తన మీద పేడనీళ్ళు కుమ్మరించి, విధులకు అడ్డుపడిందని అతని మాట. ప్రభుత్వోద్యోగి మీద బలప్రయోగమంటే రెండేళ్ళ వరకూ జైలు పడవచ్చు.

అత్తాకోడళ్ళు ఇద్దరూ అనకాపల్లి వచ్చి, బెల్లం బళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని మా ఆఫీసు వరండాలో కూర్చున్నారు. సుకురమ్మ ఒళ్ళో పాలు తాగే బిడ్డ. ఏం జరిగిందని అడిగాను.

"ఆడు ఏటకొచ్చేడు. ఉత్త సేతుల్తో దిగేడు. పోసేను," అంది సుకురమ్మ.

అంతే వాంగ్మూలం. అప్పలకొండ వేటలో ఉండగా చూసినవాళ్ళను తీసుకురమ్మన్నాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. చూసినవాళ్ళంతా వేటగాళ్ళే. చూశామని బోనెక్కి చెబితే, రిజర్వు అడవిలో వేటాడినందుకు అదే బోనులో వాళ్ళే ముద్దాయిలవుతారు. ఊరందరికీ తెలిసిన సంగతి ఊళ్ళో ఒక్కరూ చెప్పడానికి లేదు.

సోమయాజులు గారు చుట్ట పక్కన పెట్టి, నేరం ఒప్పేసుకోమను, పసిబిడ్డ తల్లి కదా, మెజిస్ట్రేటు జరిమానాతో వదిలేయొచ్చు అన్నారు. మంచి సలహాయే. సుకురమ్మ ఒప్పుకోలేదు. తప్పు చెయ్యకుండా చేశానంటే తమ ఊళ్ళో అదే పెద్ద తప్పట. కాసేపు బిడ్డను చూసుకుని, నన్ను ఒక్కటే అడిగింది.

"జేల్లోకి బిడ్డనట్టుకెల్నిత్తారా బాబూ?"

పాలు తాగే బిడ్డను తల్లితో ఉండనిస్తారని నాకు తెలుసు. ఆ జవాబు చెప్పకుండా వకాలతు కాగితం తీసి సంతకం పెట్టాను. ఆ రాత్రి మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో అప్పలకొండ నోరు ఎలాగైనా తెరిపించు ప్రభువా అని అడిగాను. మా ఆవిడ కళ్ళు తెరిచి, అప్పలకొండ ఎవరని అడిగింది.

గోడకు సమన్లు

ఆ ఏడు వేట కూడా బంగారమ్మ గోడ మీద గీసే ఉంది. టోపీ పెట్టుకున్న మనిషి నెత్తిన కుండ వంచినట్టు వేసింది. అప్పలకొండ మాత్రం ఆ గోడ ముందుకు రాలేదు. నాకు దారి అక్కడ కనిపించింది. సోమయాజులు గారికి చెప్పాను.

"గోడకి సమన్లు పంపుతావా? ప్రమాణం ఎలా చేయిస్తావు, సున్నం కొట్టా?" అన్నారు.

సంఘటన జరిగిన చోటును కోర్టు వారు స్వయంగా చూడాలని పిటిషను పెట్టాను. మెజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు. నా వాదన నచ్చి ఒప్పుకున్నారని చాలాకాలం అనుకున్నాను. ఆయనకు తాటిముంజెలంటే ప్రాణమని, ఆ పక్క ముంజెలకు పెట్టింది పేరని తరువాత బెంచి గుమస్తా చెప్పాడు.

వెళ్ళిన రోజున అప్పలకొండ గంజిపెట్టిన ఖాకీలో మెరిసిపోతూ వచ్చాడు. దారి చూశారు, సుకురమ్మ నిలబడ్డ చోటు చూశారు, మెజిస్ట్రేటు గారు నీడన కుర్చీ వేయించుకుని ముంజెలు అందుకున్నారు. అప్పుడు లేచి నా విన్నపం చెప్పాను. ఈ ఊరి ఆచారం ప్రకారం ఫిర్యాదీ ఒక్కసారి ఆ గోడ ముందు నిలబడాలి, అంతకంటే ఏమీ అడగను అన్నాను. సర్కారు ప్లీడరు లేచి బొమ్మ సాక్ష్యం కాదన్నాడు. నేనూ కాదన్నాను. నిలబడితే అరిగిపోతాడా అన్నారు మెజిస్ట్రేటు గారు.

అప్పలకొండ నిలబడ్డాడు. గోడ మీద ఇద్దరు మనుషులు గడకు కట్టిన పందిని మోస్తున్నారు. ముందు విల్లు పట్టుకున్న కుర్రవాడి మెడలో దండ. అందరికంటే వెనక, టోపీ మనిషి, రెండు చేతులూ వేలాడేసుకుని, నోరు తెరుచుకుని, నెత్తిన పేడకుండతో.

"ఇది నువ్వేనా?" అని బంగారమ్మ అలవాటు ప్రకారం అడిగింది. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. సర్కారు ప్లీడరు గార్డు చొక్కా వెనకనుంచి లాగుతూనే ఉన్నాడు. ఊరుకుంటే అయిపోయేది. అప్పలకొండ చూపు పంది మీంచి విల్లు మీదికి, విల్లు మీంచి దండ మీదికి వెళ్ళింది. మెడ ఎర్రబడింది.

"ఏటిది? పంది ఈడి బాణానికి పడ్డాదా? సెవి కిందన నా తుపాకీ దెబ్బకి పడ్డాది. ఈడి బాణం తోకకి తగిల్నాది."

"మరయితే ఉత్త సేతుల్తో ఎందుకు దిగేవు?" అంది బంగారమ్మ.

"కాకీబట్టల్తోటి పందిని మోసుకు రమ్మంటావేటే? నాను డ్యూటీలో ఉన్నోణ్ని."

మెజిస్ట్రేటు గారి నోట్లో ముంజె నోట్లోనే ఉండిపోయింది. మాతోపాటు వచ్చిన సోమయాజులు గారు ఆరిపోయిన చుట్టను మళ్ళీ వెలిగించుకున్నారు.

తరువాతి వాయిదాకు అనకాపల్లిలో ప్రమాణం చేయించి అదే ప్రశ్న అడిగారు. కోపంలో నోరు జారానని చెప్పమని అతనికి ఎంత నేర్పారో పాపం. బోనెక్కాక మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి చేతులు బారచాపి పంది పొడవు కూడా చూపించి, అది కూడా రాసుకోమన్నాడు. వేటాడుతున్నవాడు వేట ఆపే విధిలో ఉన్నట్టు కాదని కోర్టువారు సుకురమ్మను విడుదల చేశారు. తీర్పు చదివేటప్పుడు బిడ్డ నిద్రపోయింది. నేను చూసినవాళ్ళలో తీర్పుకు భయపడకుండా నిద్రపోయిన కక్షిదారు అదొక్కతే.

మనిషి మీద నేరం మోపితే ఓర్చుకుంటాడు. అతని కథను తప్పుగా చెబితే ఓర్చుకోలేడు. నేను క్లాసులో ఎన్ని సెక్షన్లు చెప్పినా, పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళింది ఈ ముక్కే. అది సిలబస్‌లో లేదని మా ప్రిన్సిపాలు ఏటా నన్ను పిలిచి చెప్పేవారు. చెప్పి, పంది ఎంత పొడవని అడిగేవారు.

అసలు తీర్పు

వారం తిరక్కుండా బంగారమ్మ కబురు పెట్టింది, ప్లీడరు బాబు రావాలని. సన్మానం అనుకున్నాను. ఆదివారం వేసుకునే తెల్లకోటు తీశాను. మా ఆవిడ ఇస్త్రీ చేసి ఇచ్చింది. సోమయాజులు గారు కూడా, కాలక్షేపంగా ఉంటుందని బయల్దేరారు.

ఊరంతా కూర్చుని ఉంది. అప్పలకొండా ఉన్నాడు. అతన్ని ఎక్కడో కలప డిపోకి బదిలీ చేశారు, పోయేముందు తనకు రావలసింది తీసుకుపోవడానికి వచ్చాడు. పంచాయితీ మొదలయ్యాక గానీ నాకు విషయం బోధపడలేదు. పంది అప్పలకొండదని తేలింది. గోడ ముందు అతనే చెప్పాడు, సర్కారు జడ్జీ రాసుకున్నాడు. అంటే అతను ఉత్త చేతులతో రాలేదు. అంటే సుకురమ్మ పోసింది తప్పు. తప్పుగా పోసిన నీళ్ళు, పడినవాడి చేత్తోనే తిరిగి పోయించుకోవాలి.

"రుజువు సేసింది నువ్వే గదా బాబూ," అంది బంగారమ్మ, మాట్లాడుతున్నది సొంత కోడలి సంగతి కానట్టు.

లేచి వాదించాను. అతని చేతులు ఖాళీగా కనిపించాయి, సుకురమ్మ నమ్మి పోసింది, పొరపాటున చేసిన పనిని మా చట్టం కూడా క్షమిస్తుంది అన్నాను. బంగారమ్మ శ్రద్ధగా వింది.

"నిజిమే. అందుకే ఒక్క కుండే."

బిడ్డకు పాలిచ్చే తల్లిని చన్నీళ్ళతో తడపకూడదని అక్కడొక కట్టుబాటు ఉందట. అలాంటప్పుడు ఆమె మాటను పంచాయితీలో మోసినవాడు ఆమె చోట నిలబడాలి. ఊరు ఊరంతా నా కోటు వైపు చూసింది. నేను సోమయాజులు గారి వైపు చూశాను.

"వకాలతు మీద సంతకం నీదేగా," అన్నారాయన, తాను కూర్చున్న మంచం కొంచెం వెనక్కి జరుపుకుంటూ.

వెళ్ళి దారిలో నిలబడ్డాను. అప్పలకొండ కుండ ఎత్తి, కాస్త తటపటాయించి, "మేస్టారూ, కళ్ళు మూసుకోండి," అన్నాడు. కళ్ళు మూసుకుంటే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పోశాడు. లోభం లేకుండా పోశాడు. కేసు మొదలైనప్పటి నుంచీ అతను నవ్వడం అప్పుడే విన్నాను. ఆ వెనకే ఆడవాళ్ళు, మగవాళ్ళు, అందరికంటే ఎక్కువగా సోమయాజులు గారు.

"సెల్లు," అన్నాడు అప్పలకొండ, బాకీ తీరిపోయినట్టు.

సుకురమ్మ బిడ్డను తీసుకొచ్చి ఎత్తుకోమని అప్పలకొండ చేతికిచ్చింది, కుండతో నీళ్ళు తెచ్చి నా తల కడగడానికి. తరువాత అందరం ఒక వరసలో కూర్చుని తిన్నాం. ఆమె మొదటి వడ్డన అప్పలకొండకు పెట్టింది. అతను ఒక చేత్తో బిడ్డను పట్టుకుని రెండో చేత్తో తిన్నాడు.

అనకాపల్లిలో నేను కేసు గెలిచిన రోజున ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో పక్క మెట్లు దిగిపోయారు. నా పని అయిపోయిందని ఫైలు కట్టేశాను. కొండవాళ్ళ చట్టమంతా తేనె అని చెప్పను. పిల్ల ఇష్టం అడక్కుండా ఎత్తుకుపోయి పెళ్ళాడటం, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందని ముసలిదాన్ని ఊరి నుంచి తరమడం కూడా ఆ కట్టుబాట్లలోనే చూశాను. వాటితో పోట్లాడాను కూడా. కానీ తీర్పు తరువాత ఆ ఇద్దరూ రేపు ఏ దారిలో ఎదురుపడతారో ఆలోచించిన న్యాయస్థానం నాకు తెలిసి అదొక్కటే.

తెల్లకోటు మళ్ళీ తెల్లబడలేదు. ఆదివారం మందిరంలో నా చుట్టూ రెండు వరసలు ఖాళీ. ఒకరి బదులు ఒకరు నిలబడటం అన్న మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచేటప్పుడు చెప్పినదే. సిలువ మీద జరిగిన ఆ మహాకార్యం పక్కన పేడకుండను పెట్టేంత తెలివితక్కువవాణ్ణి కాను. అయినా అంతవరకూ ఆ మాటను పొడిగానే చెప్పేవాణ్ణి. తడిశాక గానీ దాని బరువు నాకు తెలియలేదు.

ఇంతవరకూ చదివిన మీరు, ఏ మందిరానికి వెళ్ళేవారైనా, ఏ మందిరానికీ వెళ్ళనివారైనా, ఒక్క నిమిషం నాతో కలవండి. కళ్ళు మూసుకోనక్కర్లేదు, మనసులో అంటే చాలు. ప్రభువా, ఈ కొత్త మేస్టర్ల దగ్గర చదివి నల్లకోటు వేసుకోబోతున్న పిల్లలకు మంచి గొంతు ఇవ్వకపోయినా ఫరవాలేదు, వినే చెవి ఇవ్వు. వాళ్ళు గెలిపించినవాళ్ళూ ఓడించినవాళ్ళూ ఏదో ఒక రోజు ఒకే వరసలో కూర్చుని తినేలా చెయ్యి. ఆ వరస కోసం ఎవరైనా తడవాల్సి వస్తే, వీళ్ళు మంచం వెనక్కి జరుపుకోకుండా లేచి నిలబడేలా చెయ్యి. ఆమెన్.